తక్కువ బడ్జెట్‌లో షార్ట్ ఫిలిం తీయడం ఎలా: కెమెరా వెనకాల జరగాల్సిన పని

షార్ట్ ఫిలిం తీద్దాం అనుకున్న ప్రతి గ్యాంగ్‌లోనూ మొదటి డిస్కషన్ కెమెరా గురించే ఉంటది, ఏది రెంట్‌కి తెద్దాం, ఏ లెన్స్, గింబల్ (కెమెరా ఊగకుండా పట్టే స్టాండు) కావాలా వద్దా అని వాట్సాప్ గ్రూప్‌లో వారాల తరబడి కొట్టుకుంటారు. నన్నడిగితే అది ఆఖర్న మాట్లాడుకోవాల్సిన విషయం. మీ జేబులో ఉన్న ఫోన్ మరీ పాతది కాకపోతే బొమ్మకి సరిపోద్ది. చూసేవాడు మొదటి నిమిషంలోనే కట్టేసి వెళ్లిపోయేది చాలాసార్లు డైలాగ్ సరిగ్గా వినపడక, ఇక సగం తీసి అటకెక్కించిన సినిమాలు ఎక్కువగా టైమ్ చాలక అటకెక్కినవే. అందుకే ఇక్కడ సౌండ్ గురించి, టైమ్ గురించి ఎక్కువ చెప్తా, మిగతావి అవసరమైనంత వరకే.

లెక్క కోసం ఒక సినిమా అనుకుందాం. ఎనిమిది నిమిషాలు, ఒక ఇల్లు, ఒక వీధి, ముగ్గురు ఆర్టిస్టులు, వాళ్లతో కలిపి మొత్తం ఎనిమిది మంది, రెండు రోజుల షూటింగ్. పదిహేను వేలలో అయిపోవాలి.

ముందు కథ

కథ రాసేముందు మీ దగ్గర ఏముందో ఒక పేపర్ మీద రాసుకోండి. పెద్ద కిటికీ ఉన్న ఇల్లు ఎవరిది, ఎవరి బాబాయికి కిరాణా కొట్టుంది, ఎవరి దగ్గర పాత బజాజ్ స్కూటర్ ఉంది, ఎవరి నాయనమ్మ కెమెరా పెట్టినా బెదరకుండా మాట్లాడుద్ది. ఆ పేపర్‌లోంచి కథ లాగండి, కథ రాసేసి ఆనక సామాను వెతుక్కోవడం మొదలెడితే డబ్బు అక్కడే అయిపోద్ది. "బయట జోరున వాన" అని రాయడానికి ఒక్క లైన్ చాలు, తీయాలంటే ట్యాంకర్ పిలవాలి. రాత్రి సీన్లు కూడా అంతే, మొదటి సినిమాకి పగటి కథే రాసుకోండి, తప్పదనుకుంటే రాత్రి సీన్ ఇంట్లో పెట్టుకోండి. వీధిలో రాత్రి కావాలంటే సూర్యుడు దిగిపోయాక ఆకాశం ఇంకా నీలంగా ఉండే ఆ ఇరవై నిమిషాల్లో తీసేయాలి, పూర్తిగా చీకటి పడ్డాక ఫోన్‌తో తీస్తే అంతా గింజలు గింజలుగా వస్తది.

స్క్రిప్ట్ ఒక పేజీ అంటే ఒక నిమిషం అని అందరూ చెప్తారు, అది స్క్రీన్‌ప్లే ఫార్మాట్‌లో టైప్ చేసిన పేజీకి మాత్రమే. మన నోట్‌బుక్‌లో తెలుగులో రాసుకున్న పేజీకి ఆ లెక్క పనికిరాదు. స్టాప్‌వాచ్ పెట్టుకుని గ్యాపులతో సహా పైకి చదవండి, పన్నెండు నిమిషాలు వస్తే నాలుగు నిమిషాలు ఇక్కడే కోసేయండి, షూట్ చేశాక కోస్తే ఆ కోసినదానికి కూడా భోజనాలు పెట్టినట్టే. ఆర్టిస్టులు దొరికాక డైలాగులు ఇంకోసారి వాళ్ల నోటితో చదివించండి, శ్రీకాకుళం కుర్రాడితో నిజామాబాద్ యాస పలికించాలని చూస్తే రెండూ కాకుండా పోతది, ఆ క్యారెక్టర్‌నే శ్రీకాకుళం వాణ్ణి చేసేయండి.

డబ్బులు ఎక్కడ పెట్టాలి

ఫుడ్డు ముందు. ఎనిమిది మందికి టిఫిన్, భోజనం, సాయంత్రం టీ స్నాక్స్ కలిపి మనిషికి రోజుకి 210 అనుకుంటే రెండు రోజులకి 3,400 దాకా అవుద్ది. కాలర్ మైకుకి ఒక వెయ్యి. బల్బులు, హోల్డర్లు, వైరు, ఎక్స్‌టెన్షన్ బాక్స్, థర్మాకోల్ షీట్లు అన్నీ కలిపి 1,500. పెట్రోల్, ఆటోలు 1,500. ప్రాపర్టీస్ (సీన్‌లో వాడే సామాను), కాస్ట్యూమ్స్ 1,500, ఇవి ఎక్కువగా ఇళ్లల్లోంచే తేవాలి. ఆర్టిస్టులకి ఇవ్వడానికి 4,000 పక్కన పెట్టండి. మిగిలిన రెండు వేలు ఎవరూ ముట్టుకోకూడదు, అది రెండో రోజు మధ్యాహ్నం ఏదో ఒకటి పగిలినప్పుడు పనికొస్తది.

ఫ్రెండ్సే కదా ఫ్రీగా చేస్తారులే అని ఫుడ్డు దగ్గర పిసినారితనం చేయొద్దు. ఫ్రీగా వచ్చినవాడికి కనీసం పెట్రోల్ డబ్బులు, టైమ్‌కి భోజనం ఇవ్వాలి, మధ్యాహ్నం రెండున్నర దాటినా లంచ్ బ్రేక్ ఇవ్వకపోతే ఆ తర్వాత తీసే షాట్లలో ఆర్టిస్ట్ మొహమే చెప్పేస్తది. డబ్బులన్నీ ఒక్కరి చేతిలోనే ఉండాలి, ఆ ఒక్కరు డైరెక్టర్ అవ్వకూడదు. షాట్ మధ్యలో "అన్నా బిస్లరీ డబ్బాకి ఎంతివ్వాలి" అని డైరెక్టర్‌ని అడిగితే పని నడవదు.

లొకేషన్ చూడ్డానికి వెళ్లినప్పుడు

అందరూ కళ్లతో చూసొస్తారు, మీరు చెవులతో కూడా చూడండి. షూటింగ్ ఏ టైమ్‌కి పెట్టుకున్నారో అదే టైమ్‌కి వెళ్లి ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా కూర్చోండి. పక్క అపార్ట్‌మెంట్ బోర్ మోటార్ ఎన్నింటికి వేస్తారు, స్కూల్ బెల్లు ఎప్పుడు, గుడి మైకు ఎప్పుడు, ఉల్లిపాయల ఆటో రికార్డింగ్ పెట్టుకుని ఎన్నింటికి తిరుగుద్ది, ఇవన్నీ రాసుకోండి. తర్వాత గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట్లు కొట్టండి, టింగ్‌మని తిరిగొస్తే అక్కడ డైలాగ్ తీయడం కష్టం. టైల్స్ వేసిన ఖాళీ ఫ్లాట్‌లన్నీ ఇలాగే ఉంటాయి, సామాను నిండిన ఇల్లయితే గొంతు శుభ్రంగా వస్తది.

ఇంకో రెండు అడగాలి. పవర్ కట్ టైమింగ్స్, ఇన్వర్టర్ మీద ఏ ప్లగ్గులు నడుస్తాయి. బాత్రూమ్ వాడుకోవచ్చా, డ్రెస్ మార్చుకోడానికి గడియ పెట్టుకునే గది ఉందా. టీమ్‌లో అమ్మాయిలు ఉన్నప్పుడు ఈ రెండోది తేల్చకుండా లొకేషన్ ఓకే చేయొద్దు.

షెడ్యూల్: కథ వరసలో తీయకూడదు

ఇక్కడే టైమ్ అంతా పోద్ది కాబట్టి కొంచెం వివరంగా చెప్తా. డైనింగ్ టేబుల్ దగ్గర తల్లీ కొడుకూ మాట్లాడుకునే సీన్ ఉందనుకోండి. కొత్తవాళ్లు డైలాగ్ వరసలో తీస్తారు, అమ్మ క్లోజ్, తర్వాత కెమెరా తిప్పి కొడుకు క్లోజ్, మళ్లీ అమ్మ. తిప్పిన ప్రతిసారీ లైటు జరపాలి, వెనకాల కనపడే సామాను సర్దాలి, అలా రెండు నిమిషాల సీన్‌కి సగం రోజు తినేస్తారు. ముందు ఇద్దరూ కనపడేలా మాస్టర్ షాట్‌లో సీన్ మొత్తం ఒకసారి తీయండి. తర్వాత అమ్మ వైపు ఉన్న సజెషన్లు (ఎదుటివాళ్ల భుజం మీదుగా తీసే షాట్లు), క్లోజులు అన్నీ వరసగా లాగించేయండి, ఆ సైడు పూర్తయ్యాకే కొడుకు సైడు. ఇద్దరి మధ్య ఒక గీత ఉందనుకుని కెమెరా ఎప్పుడూ ఆ గీతకి ఒకే పక్క ఉండాలి, దాటితే ఎడిటింగ్‌లో ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నట్టు ఉంటది, లుక్ కలవదు.

కాంబినేషన్ సీన్లు (ఆర్టిస్టులు కలిసి ఉండేవి) ముందు, సింగిల్స్ తర్వాత. ఆఫీస్‌కి సెలవు పెట్టి వచ్చిన ఆర్టిస్ట్‌ని సాయంత్రం దాకా కూర్చోబెట్టకుండా ఆయనవన్నీ ముందు తీసి పంపించేయండి. టీ గ్లాసు, గడియారం, ఫోన్ స్క్రీన్, గుమ్మం దగ్గర చెప్పులు, ఇలాంటి ఇన్సర్ట్‌లకి ఆర్టిస్ట్ అక్కర్లేదు కాబట్టి అన్నిటికన్నా చివర పెట్టుకోండి. లైటింగ్ మార్చడం, రిహార్సల్, టేకులు అన్నీ కలుపుకుని ఒక్కో షాట్‌కి అరగంట వేసుకుంటే పది గంటల్లో ఇరవై షాట్లు, కొత్త టీమ్‌కి ఇంతకన్నా ఎక్కువ రావు. షాట్ లిస్ట్‌లో రోజుకి యాభై రాసుకుంటే మీరే నష్టపోతారు. ప్రతి షాట్ పక్కన "ఇది లేకపోతే కథ అర్థం కాదు", "ఉంటే బాగుంటది" అని రెండు రకాలుగా గుర్తు పెట్టుకోండి, మూడింటికల్లా వెనకబడ్డారని తెలిసినప్పుడు రెండో రకం కొట్టేయడమే.

బయట సీన్లు పొద్దున్న ఏడు నుంచి తొమ్మిదిన్నర లోపు, సాయంత్రం నాలుగు తర్వాత. మిట్ట మధ్యాహ్నం ఎండలో తీస్తే కళ్ల కింద నల్లగా నీడలు పడి హీరోయిన్ కూడా పేషెంట్‌లా ఉంటది, ఆ టైమ్‌లో ఇంట్లో సీన్లు పెట్టుకోండి.

సౌండ్

ఫోన్ మైకుతో డైలాగ్ తీయొద్దు, ఎందుకంటే ఫోన్ ఆర్టిస్ట్‌కి ఆరడుగుల దూరంలో ఉంటది, గది చప్పుడంతా పట్టేస్తది. బోయా బీవై-ఎం1 లాంటి వైరు కాలర్ మైకు వెయ్యి రూపాయల లోపే వస్తది, వైరు ఆరు మీటర్లు ఉంటది. వైరు కెమెరా దాకా లాగక్కర్లేదు, ఇంకో ఫోన్‌కి కనెక్ట్ చేసి వాయిస్ రికార్డర్ ఆన్ చేసి ఆ ఫోన్‌ని ఆర్టిస్ట్ జేబులోనో నడుం దగ్గరో దాచేయండి. ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. మైకు మీద ఉండే చిన్న స్విచ్ ఫోన్ వైపు ఉందో లేదో చూడండి. ఫోన్‌కి రౌండ్ పిన్ను లేకపోతే టైప్-సీ కన్వర్టర్ ముందే కొని టెస్ట్ చేసి పెట్టుకోండి, కొన్ని కన్వర్టర్లకి పాటలు వినపడతాయి కానీ మైకు పనిచేయదు.

మైకు దాచడం ఒక కళ. షర్ట్ అయితే రెండో గుండీ లోపల, సర్జికల్ టేప్‌తో రెండు వైపులా అంటించి, వైరుని కొంచెం లూజుగా వదిలి ఇంకో ముక్క టేపు. పట్టుచీర, సిల్క్ షర్ట్ కదిలినప్పుడల్లా సరసర శబ్దం వస్తది, కాటన్ కట్టించండి. అమ్మ క్యారెక్టర్ మెడలో నల్లపూసలుంటే తల తిప్పినప్పుడల్లా మైకుకి తగులుతాయి, అందుకని మైకు పక్కకి జరిపి పవిట మడతలో పెట్టండి లేదా పూసల గొలుసుని లోపల్నించి జాకెట్టుకి టేప్ వేసేయండి. గాజులు సీన్‌కి అవసరం లేకపోతే తీయించేయడమే, మట్టిగాజుల చప్పుడు డైలాగ్ మీద పడితే సాఫ్ట్‌వేర్‌తో శుభ్రంగా విడదీయడం కష్టం.

ఫ్యాన్ ఆపాలి. ఏసీ ఆపాలి. ఫ్రిజ్ ఆపాలి, ఫ్రిజ్ ఆపేటప్పుడు మీ బండి తాళం ఫ్రిజ్‌లో పెట్టండి, వెళ్లేటప్పుడు తాళం కోసం తీస్తారు కాబట్టి మళ్లీ ఆన్ చేయడం మర్చిపోరు, లేకపోతే ఇంటి ఓనర్ ఆంటీ పాలన్నీ విరిగిపోయి ఇంకోసారి ఇల్లివ్వదు. ఫ్యాన్ ఆపాక మే నెలలో ఏమవుద్దో చెప్పక్కర్లేదు, అందుకే టవల్, టిష్యూలు, పౌడర్ పట్టుకుని ఒకరు కెమెరా పక్కనే ఉండాలి, కట్ చెప్పగానే ఫ్యాన్ ఆన్, టేక్‌కి మళ్లీ ఆఫ్. గదిలో గింగురుమనే సౌండ్ ఉంటే కెమెరాకి కనపడని గోడలకి రగ్గులు, దుప్పట్లు వేలాడదీయండి, కింద చాప పరవండి.

ఆడియో వేరే ఫోన్‌లో వస్తుంది కాబట్టి ప్రతి టేక్ ముందు క్లాప్ తప్పనిసరి. క్లాప్ బోర్డు కొనక్కర్లేదు, చిన్నపిల్లల పలక మీద సీన్, షాట్, టేక్ నంబర్లు బలపంతో రాసి కెమెరాకి చూపించి, నోటితో కూడా చదివి, ఒక చప్పట్లు కొడితే చాలు. సౌండ్ చూసేవాడు ఆ ఒక్క పనే చేయాలి, షాట్‌కి ముందు ఇయర్‌ఫోన్స్‌తో టెస్ట్ విని, షాట్ అవ్వగానే ఒకసారి ప్లే చేసి చూడాలి. పక్కింటి కుక్కర్ విజిల్ డైలాగ్ మీద పడిందని వాడు చెప్తే డైరెక్టర్ వినాలి, పర్ఫామెన్స్ అదిరింది కదా వదిలేద్దాం అంటే కుదరదు. టైమ్ లేకపోతే ఆర్టిస్ట్‌ని అదే గదిలో కూర్చోబెట్టి ఆ ఒక్క డైలాగ్‌ని మూడుసార్లు గొంతు మాత్రమే రికార్డ్ చేసుకోండి.

డబ్బింగ్ చెప్పించేద్దాంలే అనేవాళ్లుంటారు. పెద్ద సినిమాల్లో డబ్బింగ్ మామూలే, కానీ అక్కడ థియేటరు, ఇంజినీరు, అలవాటున్న గొంతులు ఉంటాయి. మన సినిమాలో మొదటిసారి నటించిన కుర్రాడు నెల తర్వాత వచ్చి అదే ఏడుపు మళ్లీ ఏడవలేడు.

లైటు, కెమెరా

కిటికీయే మీ పెద్ద లైటు. ఎండ నేరుగా పడుతుంటే బయట తెల్ల దుప్పటో పంచో కట్టండి, వెలుగు మెత్తగా అవుద్ది. ఆర్టిస్ట్‌ని కిటికీకి పక్కవాటుగా కూర్చోబెట్టి, రెండో వైపు మొహం మరీ చీకటైతే థర్మాకోల్ షీట్ పట్టుకోండి. కిటికీని వెనకాల పెట్టి తీస్తే మొహం నల్లగా అయిపోద్ది. బల్బులు వాడితే అన్నీ ఒకే రంగువి కొనండి, తెల్ల ఎల్‌ఈడీలు 6500 కెల్విన్ అని, పసుపువి 2700 లేదా 3000 అని డబ్బా మీదే రాసుంటది, ఒకే ఫ్రేమ్‌లో రెండూ కలిస్తే సగం మొహం నీలం సగం పసుపు.

కెమెరా యాప్ బ్లాక్‌మ్యాజిక్ కెమెరా వేసుకోండి, ఫ్రీ, ఐఫోన్‌కీ ఉంది, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకీ ఉంది. సెకనుకి 24 ఫ్రేములు, షటర్ స్పీడ్ (ఒక్కో ఫ్రేమ్‌కి వెలుగు పడే టైమ్) సెకనులో 1/50. ఈ 1/50 ఎందుకంటే మన దగ్గర కరెంట్ 50 హెర్ట్జ్, లైట్లు సెకనుకి 100 సార్లు కొట్టుకుంటాయి, షటర్ దానికి కలవకపోతే బొమ్మ మీద నల్లటి పట్టీలు పాకుతాయి. 1/100 కూడా పర్లేదు. చవక ఎల్‌ఈడీలు కొన్ని ఎలా పెట్టినా కొట్టుకుంటాయి, అందుకే కొనేటప్పుడే షాపులో వెలిగించి ఫోన్‌లో చూసుకోండి. వైట్ బ్యాలెన్స్ (రంగు), ఫోకస్, ఎక్స్‌పోజర్ (వెలుగు) మూడూ లాక్ చేయాలి, ఆటోలో వదిలేస్తే ఆర్టిస్ట్ చెయ్యి ఊపినప్పుడల్లా వెలుగు మారిపోద్ది. మెయిన్ లెన్స్ మాత్రమే వాడండి, జూమ్ కావాలంటే మీరే ముందుకి నడవండి. మెమరీ సంగతి, ఐఫోన్ మామూలు కెమెరాలో 4కె 24 ఫ్రేముల దగ్గర నిమిషానికి 135 ఎంబీ దాకా తింటది, అంటే గంట ఫుటేజ్‌కి ఎనిమిది జీబీ, బ్లాక్‌మ్యాజిక్ యాప్‌లో సెట్టింగ్‌ని బట్టి ఇంకా ఎక్కువ కూడా అవ్వచ్చు. కాబట్టి పది నిమిషాలు తీసి చూసి లెక్క కట్టుకోండి.

సెట్‌లో

డైరెక్టర్, కెమెరా, సౌండ్, అసిస్టెంట్ డైరెక్టర్, ప్రొడక్షన్. ఐదుగురు. డైరెక్టరే హీరో అయితే టేక్ ఓకేనో కాదో చూసేవాడు ఉండడు, మొదటి సినిమాకి వద్దు. అసిస్టెంట్ దగ్గర నోట్‌బుక్ ఉండాలి, ఏ టేక్ ఓకే, ఏది ఎన్‌జీ (నో గుడ్, పనికిరానిది), ఎందుకు, అన్నీ అప్పటికప్పుడు రాయాలి. ప్రతి షాట్ అవ్వగానే ఆర్టిస్ట్‌కి తల నుంచి కాళ్ల దాకా ఫోటో తీయాలి, వాచీ ఏ చేతికి, చొక్కా చేతులు ఎంత మడిచాడు, బొట్టు సైజు, ప్లేట్‌లో ఎన్ని ఇడ్లీలు మిగిలాయి. తినే సీన్లు రాసుకున్నప్పుడు ఇడ్లీలు ఎక్స్‌ట్రా తెప్పించుకోండి, ప్రతి టేక్‌కీ మళ్లీ నిండు ప్లేటుతో మొదలెట్టాలి.

ఆర్టిస్ట్ బాగా చేయకపోతే అందరి ముందూ "బాలేదు" అనొద్దు, దగ్గరికెళ్లి చెవిలో ఏం మారాలో ఒక్క మాట చెప్పండి. ఉత్త "వన్ మోర్" అంటే వాళ్లకి ఏం చేయాలో తెలీదు. పిల్లలుంటే తల్లో తండ్రో సెట్‌లోనే ఉండాలి, చట్టం ప్రకారం రోజుకి ఐదు గంటలు మించకూడదు, మూడు గంటలకోసారి రెస్ట్ ఇవ్వాలి, నిర్మాత జిల్లా మేజిస్ట్రేట్ పర్మిషన్ కూడా తీసుకోవాలి. అది కష్టమనుకుంటే పిల్లల పాత్ర లేకుండా రాసుకోండి.

రోడ్డు మీద షూటింగ్ ఆదివారం పొద్దున్నే పెట్టుకోండి, జనం తక్కువ. లోకల్ స్టేషన్‌లో ముందే ఒక లెటర్ ఇవ్వండి, ఖాకీ డ్రెస్సు, డమ్మీ గన్ను ఉంటే అసలు చెప్పకుండా బయటికి తీయొద్దు. రైల్వే స్టేషన్, మెట్రో, బస్టాండ్‌లలో పర్మిషన్ లేకుండా తీస్తే సెక్యూరిటీ వాళ్లు ఆపేస్తారు, కథలోంచే తీసేయండి. ఎవరో ఒకరు ఆగి "ఏం సినిమా తమ్ముడూ, హీరో ఎవరు" అని కచ్చితంగా అడుగుతారు, వాళ్లకి నవ్వుతూ సమాధానం చెప్పి పక్కకి తీసుకెళ్లడానికి ఒక మనిషిని పెట్టండి, మాటకారి అయితే మంచిది.

గుమ్మడికాయ కొట్టేముందు (షూటింగ్ ముగించేముందు)

లైట్లు విప్పకముందే ఇవి అయ్యాయో లేదో చూడండి. ప్రతి గదిలో ఎవరూ కదలకుండా ఒక నిమిషం ఉత్త గది సౌండ్, ఎడిటింగ్‌లో డైలాగుల మధ్య ఖాళీల్లో పరచడానికి ఇది లేకపోతే అతుకులు తెలిసిపోతాయి. పోస్టర్ కోసం స్టిల్స్, మేకప్‌తో కాస్ట్యూమ్‌తో ఉన్నప్పుడే, వీడియోలోంచి ఫ్రేమ్ తీసి పోస్టర్ చేస్తే మసకగా ఉంటది. ఆర్టిస్టుల దగ్గర, ఇంటి ఓనర్ దగ్గర "ఈ సినిమా వాడుకోడానికి అభ్యంతరం లేదు" అని అరపేజీ మీద సంతకం. ఫుటేజ్ రెండు చోట్ల కాపీ, ఒకటి లాప్‌టాప్, ఇంకోటి హార్డ్ డిస్క్, రెండూ ఓపెన్ అవుతున్నాయని చూశాకే ఫోన్‌లో డిలీట్. ఆ రెండు కాపీలు రాత్రికి ఒకే బ్యాగ్‌లో ప్రయాణం చేయకూడదు.

ఎడిటింగ్, మ్యూజిక్

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్సీ రిజాల్వ్ ఫ్రీ వెర్షన్ మనకి చాలు, 4కె కూడా బయటికిస్తది. ఫోన్ మామూలు కెమెరాతో తీసిన వీడియోల్లో ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదు, పోను పోను పెదాలకీ మాటకీ తేడా వస్తది, అందుకని ముందు హ్యాండ్‌బ్రేక్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేటుకి మార్చుకోండి. క్లాప్ దగ్గర ఆడియో వీడియో కలపండి, నోట్‌బుక్‌లో ఓకే అన్న టేకులే ముందు పేర్చండి. రఫ్ కట్ (మొదటి కచ్చా ఎడిట్) అయ్యాక కథ తెలియని ఒకరికి చూపించి "ఏం జరిగిందో చెప్పు" అనండి, బాగుందా అని అడగొద్దు, అందరూ బాగుందనే అంటారు.

అడోబ్ ప్రీమియర్ (ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్)లో టైటిల్స్ వేసేవాళ్లు తెలుగు ఒత్తులు విడిపోతే ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ కింద టెక్స్ట్ ఇంజిన్ సౌత్ ఏషియన్‌కి మార్చండి. రామభద్ర, మల్లన్న, తిమ్మన, ధూర్జటి, ఇలాంటి ఫాంట్లు సిలికానాంధ్ర వాళ్లు చేయించినవి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి, డబ్బున్న సినిమా టైటిల్‌లా వస్తది.

సినిమా పాట వాడొద్దు. సీన్‌లో టీవీలోంచి పది సెకన్లు వినపడినా యూట్యూబ్ పట్టేసి కాపీరైట్ క్లెయిమ్ వేయొచ్చు. పాత పాటే కదా అనుకోవద్దు, మన చట్టంలో రికార్డింగ్‌కి హక్కు 60 ఏళ్లు, సాహిత్యానికి, ట్యూన్‌కి అయితే రాసినవాళ్లు పోయాక ఇంకో 60 ఏళ్లు ఉంటది. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో వెతుక్కోండి లేదా కీబోర్డ్ వాయించే ఫ్రెండ్‌ని పట్టుకుని వాడి సంతకం కూడా తీసుకోండి. మ్యూజిక్ డైలాగ్ కిందే ఉండాలి. మిక్స్ అయ్యాక హెడ్‌ఫోన్స్ తీసేసి ఒక మామూలు ఫోన్ స్పీకర్‌లో, ఫ్యాన్ తిరుగుతున్న గదిలో వినండి, మీ సినిమా చూసేవాళ్లలో ఎక్కువమంది అలాగే చూస్తారు.

వదిలేటప్పుడు

సుజీత్, రాజ్ తరుణ్, తరుణ్ భాస్కర్ అందరూ షార్ట్ ఫిలింల నుంచి వెళ్లినవాళ్లే కాబట్టి మనదీ ఎవరో ఒకరు చూస్తారన్న ఆశ ఉంటది, తప్పు లేదు. ఫెస్టివల్స్‌కి పంపే ఉద్దేశం ఉంటే మాత్రం తొందరపడి యూట్యూబ్‌లో పబ్లిక్ చేయొద్దు, కొన్ని ఫెస్టివల్స్ ముందే బయటికొచ్చిన సినిమా తీసుకోవు, వాళ్ల రూల్స్ చదివి ఆ తర్వాత డిసైడ్ అవ్వండి. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ వేరే ఫైల్‌గా చేసి పెట్టుకోండి, సామెతలు, తిట్లు ఉన్నచోట మక్కీకి మక్కీ కాకుండా అర్థం మాత్రం రాయండి.

రిలీజ్ రోజుకి ముందే టీమ్‌లో ప్రతి ఒక్కరికీ లింక్ పంపి క్రెడిట్స్‌లో పేరు సరిగ్గా పడిందో చూసుకోమనండి, ఇల్లిచ్చిన ఆంటీ పేరుతో సహా. ఆర్టిస్టులు షోరీల్ (తమ నటన చూపించుకునే వీడియో) చేసుకోడానికి వాళ్ల బిట్లు వేరేగా కట్ చేసి ఇవ్వండి, ఇంకా ఎవరికైనా బాకీ ఉంటే ఆ వారంలోనే తేల్చేయండి.